రాజమల్లు సంతాప తీర్మానం

ఆ ఉత్తరం రాసింది నేను. ఇంకెవరి మీదా నెట్టను. ఎనభై మూడు మార్చి ముప్పయ్యో తారీఖు పొద్దున తొమ్మిదింటికి, మునిసిపల్ ఆఫీసు వరండాలో, గోడకు కాగితం ఆనించి నా చేత్తో నేనే రాశాను. "మాజీ కౌన్సిలర్ రాజమల్లు గారు నేటి ఉదయం మరణించినారు. కావున నేటి కౌన్సిల్ సమావేశంలో వారికి తగిన మర్యాద జరుపవలెనని ప్రార్థన." కింద యాకయ్య అని సంతకం. క్లర్కు ఠపీమని ముద్ర కొట్టి తీసుకున్నాడు. ముద్ర పడినందుకు నేను సంబరపడ్డాను కూడా.

రాజమల్లన్న ఎవరో ముందు చెప్పాలి. స్టేషన్ వెనక తోళ్ళ కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు సున్నపు గుంతలో పనిచేసిన మనిషి. పచ్చి తోలు సున్నం నీళ్ళలో నానితే గాని వెంట్రుక ఊడదు. ఆ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి తోళ్ళు తిరగేయాలి. ఆయన పిక్కల మీద తెల్లటి మచ్చలు చచ్చేదాకా పోలేదు. కూలీలందరం ఓట్లేసి ఆయన్ని ఒకసారి కౌన్సిలర్‌ను చేశాం. మొదటి మీటింగులో ఆయన పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తోళ్ళ కంపట. ఆయన ఆ ఖాళీ కుర్చీ మీద కండువా పరిచి, "మంచిదే, నాకు రెండు కుర్చీలిచ్చిండ్రు" అన్నాడు. అయిదేళ్ళూ అట్లాగే కూర్చున్నాడు.

డెబ్బై నాలుగులో సేటు కార్ఖానా మూసి వెళ్ళిపోయాడు. మిషన్లు తీసుకుపోయాడు. గుంతలు తీసుకుపోలేదు. పద్నాలుగు గుంతలు. సున్నం, తంగేడు చెక్క, చివరి ఏళ్ళలో డ్రమ్ముల్లో తెప్పించిన ఆకుపచ్చ మందు, అన్నీ కలిసి గడ్డకట్టిన బురద. వాన పడితే అది నేలలోకి దిగుతుంది. నేలలోంచి మా వాడ బావుల్లోకి వస్తుంది. ఆ నీళ్ళు తాగి ఆరు బర్రెలు చచ్చాయి. పిల్లల చేతులకు పుండ్లు మానవు. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి బావుల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లి పోయారు. తొమ్మిదేళ్ళలో వాళ్ళు చేసింది అదొక్కటే.

ఆ స్థలం చివరికి మునిసిపాలిటీ చేతికే వచ్చింది. దాన్ని బాగుచేయడానికి సర్కారు నాలుగు లక్షలు మంజూరు చేసింది. షరతు ఒక్కటే. ఆ డబ్బుతో ఏం చేస్తారో కౌన్సిల్ తీర్మానం చేసి, మార్చి ముప్పై ఒకటి సాయంత్రంలోగా హైదరాబాదులో ఇవ్వాలి. ఇవ్వకపోతే డబ్బు వెనక్కి.

చైర్మన్ రామలింగం గింజల వ్యాపారి. ఆయన ప్లాను సులువైంది. గుంతల మీద మొరం పోసి చదును చేయడం, పైన నలభై మడిగెలు, అంటే దుకాణాల గదులు, కట్టి వేలం వేయడం. మొరం లారీలు ఆయన బామ్మర్దివి. బురద సంగతి ఆ ప్లానులో లేదు. బురద పైకి కనబడదు కదా, కనబడనిదాన్ని ఎందుకు రాస్తారు?

మా ప్లాను వేరు. ముందు గుంతలు తవ్వి బురద ఎత్తేయాలి. వాడకు నల్లా వేయాలి. మిగిలినదాంతో ఎన్ని మడిగెలు వస్తే అన్ని కట్టుకోండి. దీన్ని సవరణగా పెట్టింది మా వార్డు కౌన్సిలర్ సావిత్రమ్మ. పంతులమ్మ ఉద్యోగం వదిలి ఎన్నికల్లో నిలబడ్డ మనిషి. ఏ గుంత ఎక్కడుందో రాజమల్లన్న దవాఖాన మంచం మీద పడుకుని దగ్గుకుంటూ చెప్పాడు, నేను గీతలు గీశాను. ఆ గీతల మీదే సావిత్రమ్మ సవరణ రాసింది. మూడు వారాలు ఇంటింటికీ తిరిగి, తనతో కలిపి పదహారు మంది కౌన్సిలర్లను కూడగట్టింది. చైర్మన్ వైపు పద్నాలుగు. కౌన్సిల్ ముప్పయ్యో తారీఖు పదకొండింటికి.

ఆ పొద్దున ఆరింటికి రాజమల్లన్న పోయాడు.

శవాన్ని రిక్షాలో ఇంటికి తెచ్చాం. ఆయన భార్య మొగిలమ్మ వదినె ఏడవలేదు. కాళ్ళు కడిగింది, ఆ మచ్చల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. వాడంతా వాకిట్లో చేరింది. ఎవరో అన్నారు, "కౌన్సిలర్ చేసిండు గదా, మునిసిపాలిటోళ్ళు పూలదండన్న పంపుతరో లేదో" అని. అది నాకు గుచ్చుకుంది. ఎందుకు పంపరు? పంపించి తీరాలి. పక్కన కూర్చోవడానికి ముక్కు మూసుకున్న వాళ్ళందరూ ఇవాళ ఆయన పేరు మీద లేచి నిలబడాలి. ఎవరినీ అడగకుండా సైకిలెక్కి వెళ్ళి ఆ ఉత్తరం ఇచ్చేశాను.

చైర్మన్ నన్ను లోపలికి పిలిచాడు. పదేళ్ళుగా ఆ గదిలోంచి నన్ను గెంటడమే గాని లోపలికి పిలిచింది లేదు. కుర్చీ చూపించాడు. అటెండర్ మల్లికార్జున్ చాయ్ తెచ్చి నా ముందు పెడుతూ గుసగుసగా అన్నాడు.

"యాకన్నా, ఇయ్యాల పొద్దు ఏ దిక్కు పొడిచిందే? నీకు చాయా?"

రామలింగం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాజమల్లు అంటే నాకు తమ్ముడి లెక్క యాకయ్యా. ఎంత మర్యాద చెయ్యాల్నో అంత చేస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

చాయ్ తాగాను. దండం కూడా పెట్టాను. బయటికొచ్చేసరికి సావిత్రమ్మ మెట్లెక్కుతోంది. సంబరంగా చెప్పాను. చేతిలో ఫైలు జారబోతే పొట్టకు అదిమి పట్టుకుంది.

"ఏం జేసినవ్ తమ్మీ?"

"ఏం జేసిన? మర్యాద అడిగిన."

"నీకు ఎర్కలేదా? పాత మెంబరు పోయిండని కాయితం వస్తే సంతాప తీర్మానం పెడ్తరు. రెండు నిమిషాలు నిలవడ్తరు. ఆ తర్వాత సభ బందు. ఈ కౌన్సిల్ పుట్టినకాడికెల్లి అదే ఆనవాయితీ. మళ్ళ మీటింగు పెట్టాల్నంటే మూడు దినాల ముంగట నోటీసియ్యాలె."

"అంటే రేపటికి..."

"రేపటికి తీర్మానం ఉండది. తీర్మానం లేకుంటె అర్జెంటు కింద చైర్మన్ ఒక్కడే సంతకం పెట్టి పంపొచ్చు. ఏ ప్లాను పంపుతడో నేను చెప్పాల్నా? ఓట్లల్ల ఓడిపోతానని రాత్రికెల్లి మొఖం వేలాడేసుకున్నోడు, ఇప్పుడు నీకు చాయ్ తాపిండు."

వెనక్కి పరుగెత్తి క్లర్కును ఉత్తరం తిరిగిమ్మన్నాను. "ముద్ర పడ్డది. ముద్ర పడ్డది సర్కారుది. నీది కాదు" అన్నాడు. లాక్కోబోయాను. ఇద్దరు బంట్రోతులు రెక్కలు పట్టుకుని నన్ను బయటపడేశారు. గడియారంలో తొమ్మిదీ నలభై.

"సంతాపం వద్దని అడిగే హక్కు నాకు లేదు," అంది సావిత్రమ్మ. "నేనడిగితే, చచ్చినోనికి మర్యాద వద్దన్నదని పేపర్ల ఏస్తరు. మనోళ్ళల్లనే నలుగురు జారుతరు. అడగగలిగేది ఒక్కతే ఉన్నది."

ఎవరో నాకు తెలుసు. సైకిల్ రాజమల్లన్న ఇంటి వైపు తిప్పాను.

మొగిలమ్మ వదినె ఇంకా అట్లాగే కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. ఆయన చెల్లెలు కట్టమ్మ గుండెలు బాదుకుంటూ శోకం పెడుతోంది. నేను వాకిట్లో చెప్పులు విడిచి, వదినె ముందు గొంతుక్కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను. చాయ్ తాగిన సంగతి కూడా దాచలేదు. చెబుతుంటే శోకాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

వదినె ఆయన కాళ్ళ మీంచి చెయ్యి తీసింది. తర్వాత అడిగింది.

"మీటింగు ఎన్ని గంటలకు?"

"పదకొండు."

"రిక్షా ఉన్నదా?"

కట్టమ్మ ఎగిరి లేచింది. "వదినా! శవం ఇంట్ల పెట్టుకోని గడప దాటుతవా? లోకం ఏమనుకుంటది? మొగడు సచ్చిన పూట ఆఫీసుకు పోయిందంటరు!"

"అననీ."

"నా అన్న ఆత్మ ఏమైతదే?"

"మీ అన్న దవాఖానల నెల దినాలు గుంతల లెక్క చెప్పుకుంట సచ్చిండు. ఒక్కనాడు ఆత్మ మాట చెప్పలే." వదినె లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేసి తూలింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. "ముట్టకు. నువ్వు నడువు ముంగట."

ఇద్దరు ముసలాళ్ళు వాకిలికి అడ్డం నిలబడ్డారు. సోమక్క అనే పక్కింటి ఆవిడ వాళ్ళను భుజంతో నెట్టింది. "జరుగుండ్రి. మీ మనుమరాలి చేతుల పుండ్లు మీరు కడుగుతాండ్రా, నేను కడుగుతాన్నా?" అంది. ఆ నెట్టుడులో దారి దొరికింది.

రిక్షాలో వదినె ఒక్కతే కూర్చుంది. నేను సైకిల్ మీద పక్కన. స్టేషన్ రోడ్డులో ఎడ్లబండ్లు అడ్డం. బియ్యం బస్తాలు దింపుకుంటున్న హమాలీలు ఆమెను చూసి, సంగతి తెలిసినవాళ్ళు గనక, నోరు తెరుచుకుని నిలబడిపోయారు. ఒకడు తలగుడ్డ తీశాడు. రిక్షావాడు ఇంకో రిక్షాను గుద్దినంత పని చేశాడు. పదీ యాభై అయిదు అయింది. లోపల గంట మోగడం నాకు గేటు దగ్గరే వినబడింది.

సభ హాల్లో కౌన్సిలర్లు కాక చూడ్డానికొచ్చిన వాళ్ళకు వెనక ఒక బెంచీ. అక్కడ కూర్చోవచ్చు. మాట్లాడకూడదు. మాట్లాడితే పోలీసులను పిలవొచ్చు. నన్ను అంతకుముందు రెండుసార్లు అట్లాగే పట్టుకుపోయారు.

మేం తలుపు దగ్గరికి వచ్చేసరికి రామలింగం లేచి నిలబడి ఉన్నాడు. చేతిలో నా ఉత్తరం. గొంతు గద్గదం చేసుకున్నాడు.

"మిత్రులారా. ఈ దినం ఎంతో దుర్దినం. కార్మికుల కొరకు జీవితమంత ధారపోసిన మన రాజమల్లు ఇక లేడు. వారి అనుచరుడు యాకయ్యనే స్వయంగా కోరిండు గనుక, మన ఆనవాయితీ ప్రకారం సంతాపం తెలిపి, రెండు నిమిషాలు మౌనం పాటించి, సభను వాయిదా వేస్తున్న. అందరు లేచి నిలబడవలెనని కోరుతున్న."

కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక్కొక్కరే లేచారు. మా పదహారు మందీ లేచారు. లేవక ఏం చేస్తారు? సావిత్రమ్మ కూడా లేచింది. హాలంతా నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు. గోడ గడియారం చప్పుడు. రెండు నిమిషాలు అయిపోతే అంతా అయిపోతుంది.

వదినె బెంచీ దాటి నడిచింది. చెప్పులు లేవు. తల మీద కొంగు. బంట్రోతు అడ్డం రాబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె నేరుగా కౌన్సిలర్ల బల్లల మధ్యకు వచ్చి నిలబడింది.

"కూసోండ్రి," అంది.

ఎవరూ కదలలేదు.

"నేను మొగిలమ్మను. మీరు ఎవల కోసం నిలవడ్డరో ఆయన పెండ్లాన్ని. ఆయన ఇంట్ల పండుకోనున్నడు. ఆయనను ఒక్కన్ని ఇడిసిపెట్టి వచ్చిన. కూసోండ్రి."

రామలింగం చేతులు జోడించాడు. "అమ్మా, నీ దుఃఖం మాకు అర్థమైతాంది. ఎవరన్న ఈమెను జర బయటికి తీస్కపోండ్రి, నీళ్ళియ్యుండ్రి..."

"నాకు నీళ్ళద్దు. మా వాడకియ్యి నీళ్ళు."

వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"అమ్మా, ఇది సభ. రూల్సున్నయి."

అప్పుడు సావిత్రమ్మ నోరు తెరిచింది. కమిషనర్ వైపు తిరిగింది. కమిషనరంటే సర్కారు పంపిన కుర్ర ఆఫీసరు, కౌన్సిల్ చేసిన పని చట్టం ప్రకారం ఉందో లేదో చూడాల్సినవాడు. "కమిషనర్ గారూ, రూలు మాట చైర్మన్ గారే ఎత్తిండ్రు. సంతాపం తర్వాత సభ వాయిదా పడాలని చట్టంలో ఉన్నదా?"

కమిషనర్ పుస్తకం తిప్పలేదు. తిప్పాల్సిన పని లేదని అతనికి తెలుసు. చైర్మన్ వైపు చూసి, బల్ల వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"చట్టంలో లేదండి. ఆనవాయితీ మాత్రమే."

"ఆనవాయితీ కూడా గౌరవమే!" రామలింగం గొంతులో గద్గదం పోయింది. "రేపు ఎవరు చచ్చినా ఇట్లనే కాలరాస్తరా? సరే, నేను సూటిగ మాట్లాడుత. ఆ బురద ఎత్తుడుకే రెండు లక్షలు పోతది. మడిగెలు కట్టకుంటే ఈ మునిసిపాలిటీకి ఆమ్దాని ఏడికెల్లి వస్తది? ఊరంతటికి వీధిదీపాలు ఏడికెల్లి తేవాలె?"

"గా మాట ఓట్లప్పుడు చెప్పు," అంది వదినె. "ఇప్పుడు సంతాపమన్నవు. సంతాపం ఎవలికి? నా మొగనికి. నేనొద్దంటాన. ఆయన బతికున్నన్నాళ్ళు పక్క కుర్చీల కూసోనోళ్ళు, సచ్చినంక ఎందుకు నిలవడ్తరు? మీరు నిలవడితె మా బావులు అట్లనే ఉంటయి. మీరు కూసుంటె తవ్వుతరు. ఆయనకు ఏది మర్యాదనో నాకంటె మీకెక్కువ ఎర్కనా?"

గడియారం చప్పుడు మళ్ళీ వినబడింది. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఎవరూ కూర్చోలేదు, ఎవరూ బయటికి పోలేదు.

మొదట కూర్చున్నది వెంకటేశ్వర్లు. చౌరస్తాలో ఇనుప సామాన్ల దుకాణం ఆయనది. మా పదహారు మందిలో ఒకడు. అయితే సరుకు పెట్టుకునే గోదాం చైర్మన్‌ది, అందుకని మొదటి నుంచీ పిరికిగానే ఉన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత సావిత్రమ్మ. తర్వాత చప్పుడు చేస్తూ వరసగా అందరూ. చివరికి చైర్మన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. కమిషనర్ మెల్లగా, "సార్, ఎజెండా," అన్నాడు. రామలింగం నా ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

సవరణ చదివారు. "అనుకూలం, చేతులెత్తండి."

కమిషనర్ పెన్నుతో గాల్లో చుక్కలు పెడుతూ లెక్కపెట్టాడు. నేనూ లెక్కపెట్టాను. పదిహేను. మళ్ళీ లెక్కపెట్టాను. పదిహేనే. వెంకటేశ్వర్లు రెండు చేతులూ బల్ల కింద పెట్టుకున్నాడు. కూర్చోవడానికి తెచ్చుకున్న ధైర్యం అక్కడికే అయిపోయింది.

"వ్యతిరేకం."

పద్నాలుగు లేచాయి. చైర్మన్ వాటి వైపు చూడనే లేదు. వెంకటేశ్వర్లునే చూస్తున్నాడు. ఆ ఒక్క చెయ్యి లేస్తే పదిహేనూ పదిహేనూ. సమానమైతే చైర్మన్ ఓటే తీర్పు. హాల్లో ప్రతి ఒక్కడికీ ఆ లెక్క తెలుసు.

"వెంకటేశ్వర్లూ," అన్నాడు రామలింగం. మెల్లగా. "ఏమాయె? చేతికి నొప్పా?"

వెంకటేశ్వర్లు నుదుటి మీద చెమట. కుడి భుజం కదిలింది. వదినె ఆయన్ని బతిమాలలేదు. చేతులు జోడించలేదు. ఊరికే చూసింది. అడిగితే వినబడేంత దగ్గరలోనే ఉంది, అయినా అడగలేదు.

"లెక్క రాసుకోండ్రి కమిషనర్ సాబ్," అన్నాడు వెంకటేశ్వర్లు తల ఎత్తకుండానే. "నేను ఏ దిక్కు లేను."

"పదిహేను, పద్నాలుగు. సవరణతో తీర్మానం ఆమోదం," అన్నాడు కమిషనర్. చైర్మన్ మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే.

నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. వదినె మాత్రం అక్కడే నేల మీద కూర్చుంది.

"పోదాం పా వదినా. అయిపోయింది."

"ఏమయ్యింది? చేతులెత్తిండ్రు. కాయితం ఏది?"

టైపు మిషన్ ముందు క్లర్కు కూర్చున్నాడు. పొద్దున నా ఉత్తరానికి ముద్ర కొట్టినవాడే. ఒక్కో అక్షరం వెతికి కొడుతున్నాడు. ఎండ ముదిరింది. పన్నెండు దాటింది. కట్టమ్మ ఇంటి నుంచి మనిషిని పంపింది, ఎండకు శవం ఆగేటట్టు లేదు, తొందరగా రమ్మని. ఒంటిగంటకు ఇంకో మనిషిని పంపింది. వదినె ఇద్దరికీ ఒకటే మాట చెప్పింది. "వత్తాన."

ఒంటిగంటా ఇరవైకి చైర్మన్ సంతకం పెట్టాడు. పెట్టనని లోపల కూర్చుంటే కమిషనరే కాగితం తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. సంతకంతో బయటికి తెచ్చాడు. ముద్ర పడింది. సావిత్రమ్మ దాన్ని కవర్లో పెట్టి, కవరును సంచిలో పెట్టి, కాజీపేటలో హైదరాబాదు బండి అందుకోవడానికి ఆటో ఎక్కింది. ఆటో కనబడకుండా పోయేదాకా వదినె మెట్ల మీద నిలబడింది.

ఇంటికి వచ్చాం. వాకిట్లో పాడె కట్టి ఉంది. కట్టమ్మ మొహం తిప్పుకుంది. ముసలాళ్ళు ఏదో గొణిగారు. వదినె గడప దగ్గర ఆగి, నా వైపు తిరిగింది. కోపం లేదు. దానికన్నా ఘోరంగా ఉంది ఆ మొహం.

"యాకయ్యా. నీకు మర్యాద గావాల్నని పోయి రాసినవ్. ఆయనకు కాదు."

"వదినా..."

"ఇగ ముందట నా ఇంటి మనిషి పేరు కాయితం మీద పెట్టాల్నంటె, ముందుగాల నన్నడుగు. సచ్చినా సరే, బతికున్నా సరే."

"అడుగుత."

లోపలికి వెళ్ళింది. అప్పుడు వినబడింది ఆమె ఏడుపు. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారే వచ్చింది. కట్టమ్మ పరుగెత్తి వెళ్ళి ఆమెను పట్టుకుంది. నేను వాకిట్లోనే ఉండిపోయాను. డప్పులవాళ్ళు డప్పులు కాచుకోవడానికి నిప్పు అడిగారు. నేను వెళ్ళి మంటకు గడ్డి తెచ్చాను.